రేలంగి వెంకట్రామయ్య

ఈ వ్యాసం హాస్యనటుడు రేలంగి గురించి. పశ్చిమ గోదావరి జిల్లా ఇరగవరం మండలంలోని రేలంగి గ్రామం, సినీ దర్శకుడు రేలంగి నరసింహారావు వేరు.

రేలంగి అన్న ఇంటిపేరుతోనే ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధి చెందిన రేలంగి వెంకట్రామయ్య (1910 - 1975) తెలుగు చలనచిత్ర హాస్యనటుడు, నిర్మాత, గాయకుడు. 1950, 1960 దశకాలలో తెలుగు చిత్రాలలో ఈయన హాస్యానికి మారుపేరుగా నిలిచాడు. సుమారు 300 చిత్రాలలో నటించాడు. హాస్యనట చక్రవర్తి అన్న బిరుదు ఈయన పేరుకు ముందు స్థిరపడింది. 1970లో భారత ప్రభుత్వం ఈయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. కోనసీమ వాకిట పుట్టి, కాకినాడలో నాటకాలాడి, మద్రాసులో కీర్తి గడించిన రేలంగి చివరకు తాడేపల్లిగూడెంలో స్థిరపడి అక్కడే కన్నుమూశాడు. ఇతరుల చిత్రాలకు ఎన్నింటికో విజయకారకుడైన ఈయన స్వయంగా నిర్మించిన చిత్రం మాత్రం విఫలమైంది.

బాల్యము

రేలంగి 1910 ఆగస్టులో రావులపాలెం సమీపాన గల రావులపాడు గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం అప్పటి గోదావరి జిల్లాలోనిది. 1925లో జిల్లాల విభజన తరువాత తూర్పు గోదావరిలోనూ, 2022లో జరిగిన పునర్వ్యవస్థీకరణ తరువాత కోనసీమ జిల్లాలోనూ చేరింది. తండ్రి రామస్వామి, తల్లి అచ్చయ్యమ్మ. పసితనంలోనే తల్లి మరణించింది. తండ్రికి సంగీతం, హరికథ తెలుసు. పిల్లలకు నేర్పేవాడు కూడాను. తరువాతి కాలంలో రేలంగి తన పాటలు కొన్ని తానే పాడుకోగలగడానికీ, సంభాషణను తాళం తప్పకుండా విరిచి చెప్పగలగడానికీ ఆ హరికథల ఇల్లే మూలమని భావించవచ్చు. హరికథకుడు ఒక్కడే నిలబడి రాజు, బంటు, భార్య, అత్త అందరూ తానే అయి కథ నడపాలి. ఆ విద్య చూస్తూ పెరిగిన బాలునికి నటన వేరుగా నేర్పవలసిన పని అంతగా ఉండదు.

చదువు కాకినాడలో సాగింది. అయితే చదువు కంటే నాటకాల మీదనే మనసు ఎక్కువగా ఉండడం వలన అది పై తరగతులకు పోలేదు. 1933లో ఈయనకు వివాహమైంది.

నాటకరంగము

ఆ కాలంలో కాకినాడ నాటకాలకు పేరుపడిన పట్టణం. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సంస్థ తరువాతి తెలుగు సినిమాకు మేటి నటులను అందించింది. ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు ఈ సంస్థతో సంబంధం ఉన్నవారే. రేలంగి కూడా ఈ క్లబ్బులో నాటకాలు ఆడాడు. స్త్రీలు రంగస్థలం మీదికి రావడం అరుదైన రోజులు గనుక మొదట ఎక్కువగా స్త్రీ పాత్రలు ధరించాడు. బొద్దుగా, గుండ్రని ముఖంతో కనిపించే రేలంగిని తెర మీద మాత్రమే చూసినవారికి ఈ విషయం వింతగా తోచవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అప్పటి తెలుగు నాటకమంటే ప్రధానంగా పద్యనాటకం. హార్మోనియం ముందుండగా నటుడు పద్యాన్ని రాగయుక్తంగా పాడాలి. ప్రేక్షకులు మెచ్చితే అదే పద్యం మరల మరల పాడాలి. హాస్యగాడికి ఈ పద్ధతిలో దక్కే చోటు చాలా తక్కువ. కథానాయకుని పద్యానికీ పద్యానికీ నడుమ జనాన్ని నవ్వించి తప్పుకోవాలి. ఆ కొద్ది వ్యవధిలోనే పని ముగించడం రేలంగికి ఇక్కడే అలవడింది. పాట, హాస్యం కలిసి నడిచే ఈ రంగస్థల సంప్రదాయమే తరువాత టాకీలలోకి ప్రవేశించి, నాయికా నాయకులతో పాటు ఒక హాస్యజంట, వారికి ఒకటి రెండు పాటలు అన్న ఏర్పాటుగా స్థిరపడింది.

చిత్రరంగ ప్రవేశము

రేలంగిని చిత్రరంగానికి తెచ్చినవాడు చిత్తజల్లు పుల్లయ్య. సి.పుల్లయ్యగా ప్రసిద్ధుడైన ఈ దర్శకుడు కాకినాడకు చెందినవాడే. మూకీల కాలం నుండి చిత్రాలు తీసిన పుల్లయ్య 1934లో కలకత్తా ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారికి లవకుశ తీసి గొప్ప విజయం సాధించాడు. మరుసటి సంవత్సరం, అనగా 1935లో, ఈయన దర్శకత్వంలో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం చిత్రంతో రేలంగి తొలిసారి తెర మీద కనిపించాడు. తరువాత పెద్ద తారగా వెలిగిన కాంచనమాలకు కూడా ఇది తొలి చిత్రం. తులాభారం కథ నాటకంగా ఆంధ్రదేశంలో బహుళ ప్రచారం పొందినది. అయినప్పటికీ ఈ చిత్రం రేలంగికి పేరు తీసుకురాలేదు.

ఆ తరువాత సుమారు 12, 13 సంవత్సరాలు ఈయన జీవితంలో చెప్పుకోదగిన పాత్ర లేదు. వరవిక్రయం (1939) వంటి చిత్రాలలో చిన్న వేషాలు వేశాడు. కాళ్ళకూరి నారాయణరావు నాటకం ఆధారంగా తీసిన ఈ చిత్రంతోనే భానుమతి సినీ ప్రవేశం చేసింది. ఆమె నాయికగా ఎదిగి పోయింది, రేలంగి మాత్రం ఉన్నచోటనే ఉన్నాడు. పుల్లయ్య వద్ద నిర్మాణ శాఖలో సహాయకునిగా ఉంటూ, చెప్పిన పనల్లా చేస్తూ, వేషం దొరికినప్పుడు వేస్తూ కాలం గడిపాడు. ఈ కాలమంతా వృథా అని అనుకోవడానికి వీలులేదు. చిత్రం ఎలా తయారవుతుందో, డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో, ఎక్కడ వృథా అవుతుందో దగ్గరనుండి చూసిన నటులు ఆ తరంలో కొద్దిమందే. అంత చూసినవాడే తన సొంత చిత్రంలో నష్టపోవడం చిత్రరంగ విచిత్రాలలో ఒకటి.

గుర్తింపు

1948లో విడుదలైన వింధ్యరాణి రేలంగికి మొదట గుర్తింపు తెచ్చిన చిత్రంగా చెప్పబడుతున్నది. పింగళి నాగేంద్రరావు నాటకం ఆధారంగా తీసిన ఈ చిత్రానికి కూడా సి.పుల్లయ్యయే దర్శకుడు. 1949లో వచ్చిన కె.వి.రెడ్డి చిత్రం గుణసుందరి కథలో రాజుగారి పెద్దల్లుళ్ళలో ఒకనిగా నటించాడు.

గుణసుందరి కథలో కథానాయకుడు కస్తూరి శివరావు. ఆ సమయానికి తెలుగు తెర మీద హాస్యమంటే శివరావే. బాలరాజు (1948) తరువాత ఆయన ప్రజాదరణ నాయకులతో సమానమైనది. ఆ ఊపులో శివరావు 1950లో పరమానందయ్య శిష్యులు అనే హాస్యచిత్రాన్ని తానే నిర్మించి దర్శకత్వం వహించాడు. తెలుగువారందరికీ తెలిసిన మూర్ఖ శిష్యుల కథ, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటుడు, శివరావుకున్న పేరు, ఇన్ని ఉన్నా చిత్రం విజయం పొందలేదు. అదే కథ 1966లో సి.పుల్లయ్య చేతిలో పరమానందయ్య శిష్యుల కథగా మరల రూపొంది జనాదరణ పొందింది. కాబట్టి లోపం కథలో లేదని తేలుతున్నది. శివరావు క్రమంగా సంపాదనంతా కోల్పోయి, అవకాశాలు తగ్గి, అదే 1966లో పేదరికంలో మరణించాడు. శివరావు చిత్రంతో పరిచయమైన గిరిజ తరువాతి దశకంలో రేలంగి సరసన హాస్యజంటగా స్థిరపడింది. శివరావు ఖాళీ చేసిన స్థానంలోకి వచ్చినవాడు రేలంగి.

1951లో విజయా వారి పాతాళభైరవి విడుదలై తెలుగు సినిమా చరిత్రలో ఒక మైలురాయి అయింది. అందులో రాజుగారి బావమరిది శూరసేనుని పాత్ర రేలంగిది. పిరికితనం, ప్రగల్భం, రాకుమారిపై ఆశ ఈ మూడింటితో కూడిన ఆ పాత్ర తరువాత ఈయన ధరించిన అనేక పాత్రలకు మాతృక వంటిది.

పక్కింటి అమ్మాయి

1953లో సి.పుల్లయ్య తన శిష్యుడిని ఏకంగా కథానాయకుణ్ణి చేసి పక్కింటి అమ్మాయి చిత్రం తీశాడు. నాయిక అంజలీదేవి. 1952లో బెంగాలీలో వచ్చిన పాషేర్ బాడీ చిత్రానికి ఇది తెలుగు రూపం. పొరుగింటి అమ్మాయిని ప్రేమించిన ఒక అమాయకుడు, సంగీతమంటే ప్రాణమిచ్చే ఆమెను మెప్పించడానికి పాటగాడైన మిత్రుడిని చాటున పెట్టి పాడించి, తాను పెదవులు కదుపుతాడు. ఆ పాటగాడి పాత్రలో గాయకుడు ఎ.ఎం.రాజా నటించడం విశేషం. ఇదే కథ హిందీలో పడోసన్ (1968)గా, తెలుగులో అదే పేరుతో 1981లో మరల వచ్చింది.

తెలుగులో సంగీతం మీదనే ఆధారపడి నడిచిన తొలినాటి పూర్తి హాస్యచిత్రాలలో దీనిని ఒకటిగా చెప్పవచ్చు. పాటను తీసివేస్తే కథ లేదు, హాస్యమూ లేదు. పాట పాడడం వచ్చిన రేలంగి పాట రానివాని పాత్రలో నవ్వించడం ఇందులోని చమత్కారం. చిత్రం విజయవంతమైంది. హాస్యనటుడు నాయకుడైనా చిత్రం ఆడుతుందని ఇది నిరూపించింది. అయితే ఇది రేలంగి బలాలూ పరిమితులూ ఎరిగిన గురువు తీసిన చిత్రమన్న సంగతిని మరువరాదు.

ప్రముఖ పాత్రలు, నటనా విధానము

1954 నుండి సుమారు దశాబ్ద కాలం రేలంగి లేని పెద్ద చిత్రం అరుదు. విప్రనారాయణ (1954)లో శిష్యుడు రంగరాజు, మిస్సమ్మ (1955)లో దేవయ్య, మాయాబజార్ (1957)లో లక్ష్మణ కుమారుడు, నర్తనశాల (1963)లో ఉత్తర కుమారుడు ఈయన పాత్రలలో చిరస్మరణీయమైనవి. దొంగరాముడు, ఇల్లరికం, అప్పుచేసి పప్పుకూడు, వెలుగునీడలు, జగదేకవీరుని కథ, రాముడు భీముడు మొదలైనవి ఈయన నటించిన ఇతర ప్రసిద్ధ చిత్రాలు. మిస్సమ్మలో తన పాటలు తానే పాడాడు.

లక్ష్మణ కుమారుడు, ఉత్తర కుమారుడు ఇద్దరూ రాచబిడ్డలే, ఇద్దరూ డాంబికులే. కాని రేలంగి వారిద్దరినీ ఒకే విధంగా నటించలేదు. మాయాబజార్ పెళ్ళిపీటల మీద మాయా శశిరేఖ పాదం కింద నలిగిపోయే లక్ష్మణ కుమారుడు తనకేమి జరుగుతున్నదో తెలియని వెర్రిబాగులవాడు. ఉత్తరుడు అలా కాదు. అంతఃపురంలో స్త్రీల ముందు పలికిన మాటలు కౌరవసేనను చూడగానే గొంతులో ఆగిపోతాయి, తన పిరికితనం తనకు తెలుసు. ఆ తెలివిడి ఒక్కసారిగా ముఖం మీదకు రావడంలోనే హాస్యమంతా ఉన్నది. పెద్ద శబ్దాలు చేయకుండా, కిందపడి దొర్లకుండా, కనుబొమలతోనూ మాట విరుపుతోనూ నవ్వించడం రేలంగి పద్ధతి.

గిరిజతో ఈయన జంట మిక్కిలి ప్రజాదరణ పొందింది. సూర్యకాంతం ఎదుట ఈయన నటించిన దృశ్యాలు కూడా ప్రసిద్ధమైనవే. ఇక రమణారెడ్డి సన్నగా పొడుగ్గా ఉండడం, రేలంగి బొద్దుగా ఉండడం వలన వారిద్దరూ పక్కపక్కన నిలబడితేనే ప్రేక్షకులు నవ్వేవారు. 1963 నాటి లవకుశలో గిరిజతో కలిసి చాకలి దంపతుల పాత్రలు ధరించాడు. 1934లో తొలి లవకుశ తీసిన సి.పుల్లయ్యయే ఈ రంగుల చిత్రాన్ని కూడా మొదలుపెట్టగా, ఆయన కుమారుడు సి.ఎస్.రావు పూర్తిచేశాడు. సీతమ్మ వనవాసానికి కారణమైన నిందమాట పలికే పాత్రను హాస్యనటునికి ఇవ్వడం సాహసమే. కాని ఆ మాట ఒక ఇంటి గొడవలో యథాలాపంగా వెలువడినట్లు కనిపించడానికి రేలంగి ఉనికి ఎంతో తోడ్పడింది.

సమాజం

కీర్తి శిఖరాన ఉన్న సమయంలో, 1960లో, రేలంగి నిర్మాతగా మారి సమాజం అనే చిత్రాన్ని నిర్మించాడు. చిత్రం ఆర్థికంగా విజయం పొందలేదు. నిర్మాతగా రేలంగిని గురించి చెప్పుకోవలసినప్పుడు ఈ ఒక్క చిత్రమే ప్రస్తావనకు వస్తుంది.

ఈ పరాజయాన్ని అర్థం చేసుకోవడానికి అప్పటి వ్యాపార పద్ధతి కొంత తెలియాలి. ఆ రోజులలో నిర్మాత తన డబ్బు మొత్తం పెట్టి చిత్రం తీయడం తక్కువ. ఆంధ్ర, సీడెడ్, నైజాం ప్రాంతాల పంపిణీదారులు చిత్రీకరణ సాగుతుండగానే వాయిదాల మీద అడ్వాన్సులిచ్చేవారు. వారు అడ్వాన్సు ఇచ్చేది నాయకుని పేరు, సంస్థ పేరు చూసి. హాస్యనటుని పేరు అదనపు ఆకర్షణే గాని దానిని చూసి ఎవరూ పెట్టుబడి పెట్టరు. హాస్యనటునికి ఈ ఏర్పాటులో ఒక సౌలభ్యం కూడా ఉన్నది. ఆయన దృశ్యాలు కొద్ది రోజులలో ముగుస్తాయి, అందువలన ఒకే సంవత్సరంలో అనేక చిత్రాలలో నటించవచ్చు, ఏ ఒక్క చిత్రం పోయినా దాని నష్టం ఆయనకు అంటదు. నిర్మాత అయిన మరుక్షణం ఈ రక్షణ పోతుంది. 1959లో ఇల్లరికం, అప్పుచేసి పప్పుకూడు, 1961లో వెలుగునీడలు, జగదేకవీరుని కథ, ఇలా అటూ ఇటూ రేలంగి నటించిన చిత్రాలు జయప్రదంగా ఆడుతుండగా, నడుమ ఆయన సొంత చిత్రం ఆడకపోవడానికి ప్రేక్షకులు ఆయనను కాదన్నారని అర్థం కాదు.

పెద్ద సంస్థలకు సైతం ఇటువంటి దెబ్బలు తప్పలేదు. పాతాళభైరవి, పెళ్ళిచేసి చూడు వంటి విజయాల తరువాత విజయా వారు అమిత వ్యయంతో తీసిన చంద్రహారం (1954) విఫలమైంది. కమలాకర కామేశ్వరరావుకు దర్శకునిగా ఇది తొలి చిత్రం. ఎన్.టి.రామారావు, ఎస్.వి.రంగారావు, సావిత్రి, రేలంగి మొదలైనవారు, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం, ఏదీ తక్కువ కాలేదు. శాపవశాన నాయకుడు చిత్రంలో చాలాభాగం ప్రాణంలేనట్లు పడి ఉండడమే జనానికి నచ్చలేదని చెప్పుకుంటారు. అయితే విజయా వారికి మరుసటి సంవత్సరమే మిస్సమ్మ తీసి నిలదొక్కుకునే శక్తి ఉన్నది. కామేశ్వరరావు కూడా తరువాత నర్తనశాల వంటి చిత్రం తీయగలిగాడు. ఒంటరి నటునికి రెండవ అవకాశం అంత సులభం కాదు. చిత్తూరు నాగయ్య, కస్తూరి శివరావు సొంత చిత్రాలతో నష్టపోయారు. రేలంగి తరువాతి తరంలో పద్మనాభం దేవత, పొట్టి ప్లీడరు వంటి మంచి చిత్రాలు నిర్మించి కూడా శ్రీరామకథ (1969)తో తీవ్రంగా దెబ్బతిన్నాడు. ఈ వరుసలో చూసినప్పుడు ఒక్క చిత్రంతో ఆగిన రేలంగి వివేకాన్ని మెచ్చుకోవలసి ఉంటుంది.

తాడేపల్లిగూడెంతో అనుబంధము

రేలంగి పేరుతో తాడేపల్లిగూడెం పేరు కూడా కలిసి వినిపించడానికి కారణం ఆయన అక్కడ నిర్మించిన రేలంగి చిత్రమందిర్ అనే సినిమాహాలు. తాడేపల్లిగూడెం మద్రాసు - హౌరా రైలుమార్గంలో ఏలూరుకు, రాజమండ్రికి నడుమనున్న వర్తక పట్టణం. బియ్యం మిల్లులు, బెల్లం, ఉల్లిపాయల టోకు వ్యాపారం ఇక్కడ ప్రధానం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ విమానాల కోసం రన్‌వే కూడా వేశారు. చుట్టూ డెల్టా పల్లెలు, పడమట ఏలూరు దాటితే కొల్లేరు లంకలు. కోతలు ముగిసి చేతిలో డబ్బు ఆడే రోజులలో ఎడ్లబండ్ల మీద, రైళ్ళ మీద పల్లెజనం సినిమాకు తరలివచ్చే ప్రాంతమిది. ఇటువంటి చోట ప్రదర్శనశాల కట్టడం ఆలోచించి చేసిన పనిగానే కనిపిస్తుంది.

చిత్రం తీసేవానికీ, హాలు కట్టేవానికీ గల భేదం పెద్దది. నిర్మాత ఒక చిత్రం మీద సర్వస్వం ఒడ్డుతాడు. హాలు యజమానికి ఈ వారం చిత్రం ఆడకపోతే వచ్చే వారం మరొకటి ఉంటుంది. సమాజంతో పోగొట్టుకున్నది పోగా, మరుగున పడిన ఇతర హాస్యనటుల వలె రేలంగి దిక్కులేనివాడు కాకపోవడానికి ఈ ఆస్తి కొంత కారణం కావచ్చు. తారల సంపాదన మద్రాసులోనే ఇళ్ళుగా, కార్లుగా నిలిచిపోయిన కాలంలో తన ధనాన్ని తిరిగి గోదావరి గడ్డకు తెచ్చినవారిలో ఈయన ఒకడు.

చివరి రోజులు

1960 దశకం చివరికి తెలుగు చిత్రాలలో హాస్యం తీరు మారింది. రాజబాబు వంటి కొత్తవారు వచ్చారు. వారి హాస్యంలో వేగం, శరీర కదలిక ఎక్కువ. రేలంగికి వయసు పైబడడం, అనారోగ్యం తోడవడంతో పాత్రలు తగ్గాయి. సి.పుల్లయ్య 1967లో మరణించాడు. 1970లో పద్మశ్రీ పురస్కారం లభించింది. హాస్యాన్ని నటనలో రెండవ తరగతిగా చూసే రోజులలో ఒక తెలుగు హాస్యనటునికి ఈ గౌరవం దక్కడం గమనించదగినది.

ఎన్నో చిత్రాలలో తోడుగా నిలిచిన రమణారెడ్డి 1974 నవంబరులో మరణించాడు. మరుసటి సంవత్సరం 1975 నవంబరు 27న రేలంగి తాడేపల్లిగూడెంలో కన్నుమూశాడు.